ఒంటె ముందరి నల్ల బంటు

మొన్న గోడౌన్‌లో నన్ను వాపసు సామాన్ల బల్ల దగ్గర వేశారు. కొన్నవాళ్లు నచ్చలేదని తిప్పి పంపిన డబ్బాలు అక్కడికొస్తాయి. విప్పి, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసి, ఉంటే మళ్లీ టేపు వేసి ఒక పక్కకు, లేకపోతే ఇంకో పక్కకు నెట్టడం పని. చెప్పులు, మిక్సీలు, ఎవరో ఒక్కసారి కట్టుకుని మడతపెట్టి పంపిన చీరలు దాటాక ఒక చదరంగం డబ్బా వచ్చింది. ముప్పై రెండు కాయలూ ఉన్నాయి. మూసేస్తే అయిపోయేది. నేను ఒక నల్ల బంటును తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పక్క బల్ల అమ్మాయి చూసి, “క్యా దీదీ, ఖానే కా హై క్యా?” అని, తినేదా ఏంటని, పకపకా నవ్వింది. ఆ బంటుకు ఏ వాసనా లేదు. నల్ల కాయలంటే నా ముక్కుకు తెలిసిన వాసన ఒక్కటే, సాంచా మగ్గాల్లో తిరిగి తిరిగి మాడిపోయిన నూనె వాసన. అది లేకపోయేసరికి నాకెందుకో కోపం వచ్చింది, డబ్బాకు టేపు రెండు చుట్లు ఎక్కువ వేశాను.

ఆ వాసన ఉన్న బంటు ఒకటి మా ఇంట్లో బియ్యం డబ్బా మీద స్టీలు గిన్నెలో ఉంది. ఒక్కటే. దాని అడుగున మేకు ఉండాల్సిన చోట చిన్న బొక్క ఉంది. ఆ బొక్క సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే నాకూ చివర్లోనే తెలిసింది.

నేను పుట్టేనాటికే మా బాపు, అవ్వ, అంటే మా నాన్న, అమ్మ, సిరిసిల్ల దిక్కు నుంచి మరాఠీ ఊరు భివండికి వచ్చి పడ్డారు. బాపు నార్పోలిలో ఒక సేటు కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే కరెంటు మగ్గం, ఒక్కో మనిషి చేతికింద నాలుగు ఉండేవి. రేకుల షెడ్డు, లోపల నాలుగు వరసలు, పొద్దున మీట వేస్తే మొదలయ్యే ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, పళ్లలోంచీ కడుపులోంచీ వినపడేది. గంజి పెట్టిన పడుగు వాసన, వానాకాలం చెమ్మకు ఉబ్బిన గోడల వాసన, పక్క మోరీ వాసన, వాటన్నిటి మీదా మందంగా పరుచుకున్న నూనె వాసన. దూది నుసి గాలిలో తేలుతూ మనుషుల మీద వాలేది. ముప్పై ఐదేళ్ల మా బాపు సాయంత్రం ఇంటికొచ్చేసరికి తెల్ల కనుబొమ్మలతో మా తాతలా ఉండేవాడు. అవ్వ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఆయన చెవుల్లో పోసేది. షెడ్డులో అరిచి అరిచి అలవాటై మా గల్లీలో తండ్రులందరూ ఇంట్లోనూ అరిచే మాట్లాడేవాళ్లు. ముద్దు చేసినా అరుపే, కొట్టబోయినా అరుపే, కాబట్టి ఏది ఏదో తెలుసుకోవడానికి పిల్లలం మొహాలు చూడటం నేర్చుకున్నాం.

ఆటలకు మాకు కొదవ లేదు. నూలు అయిపోయిన కండెలు గల్లీ నిండా దొర్లుతుండేవి. వాటినే బొమ్మలకు కాళ్లు చేసేవాళ్లం, క్రికెట్‌కు స్టంపులు చేసేవాళ్లం, ఎత్తుగా పేర్చి బంతితో పడగొట్టేవాళ్లం. బతుకమ్మ పండుగకు తంగేడు ఎక్కడ దొరుకుతుంది ఆ ఊళ్లో? నిజాంపురా బజారు నుంచి బంతిపూలు తెచ్చి, ఉత్త బంతిపూలతోనే బతుకమ్మను పేర్చి, గల్లీ నడుమ నీళ్ల డ్రమ్ము పక్కన పెట్టి ఆడేవాళ్లు మా అవ్వలు. ఆడాక పంచే మలీద ముద్దల్లో నెయ్యి కంటే బెల్లమే ఎక్కువుండేది, వేళ్లకు అంటుకున్నదాన్ని నాకుతూ నాకుతూ నేను మరాఠీ పద్యాలు బట్టీ పట్టేదాన్ని. వానలు పట్టిన రోజుల్లో అవ్వ మక్క గారెలు చేసేది. అవి వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టుకుని, మోకాళ్ల దాకా నీళ్లలో నడుచుకుంటూ, బాపుకు తీసుకుపోయేదాన్ని. బడి మధ్యాహ్నం పూటకే వదిలేవాళ్లు కాబట్టి అన్నం డబ్బా మోసే పని నాదే. చదరంగం నాకు అట్లా అబ్బింది.

షెడ్డు మూల, రెండు వరసలు కలిసేచోట, ఒక చెక్క మీద బాపు గీసిన గళ్లుండేవి. కాయలు ఆయనే చెక్కాడు, విరిగిపోయిన నాడెల కర్రతో. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె కర్ర గట్టిది, చెక్కడానికి ఏడాది పట్టిందని అవ్వ అనేది. సగం కాయలను కర్ర రంగులోనే వదిలేసి, మిగతా సగాన్ని మాడిన నూనెలో నెలరోజులు నానబెట్టాడు, అవి నల్లవి. ఇంకో సంగతి. సాంచాలు నడుస్తుంటే నేల అదురుతుంది, మామూలు కాయలు పెడితే వాటంతటవే నడుచుకుంటూ వెళ్లి పక్క గడిలో నిలబడతాయి. అందుకని ప్రతి కాయ అడుగునా ఒక చిన్న మేకు దిగ్గొట్టి, ప్రతి గడి నడుమా ఒక బొక్క పెట్టాడు. కాయ జరపడమంటే మేకు ఊడబీకి ఇంకో బొక్కలో గుచ్చడమే. నేను అట్లాగే నేర్చుకున్నాను.

ఆ ఆట ఎట్లా జరిగేదో చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. కుర్చీల్లేవు, నిలబడే ఆడాలి. ఆడుతున్నంతసేపూ నాలుగు సాంచాలు మీ వెనక నడుస్తుంటాయి. నాడెలో కండె కాసేపట్లో అయిపోతుంది. అయిపోగానే సాంచా ఆగుతుంది. ఆగిన సాంచాను ముకాదం, అంటే మా మేస్త్రీ, చూశాడంటే తిట్లు. కాబట్టి ఒక కండె మార్చి, ఇంకో కండె అయిపోయేలోపు, పరుగెత్తుకొచ్చి చెక్కను చూసి, ఏదో ఒకటి గుచ్చి, పరుగెత్తాలి. మాటలు వినపడవు కాబట్టి ఎదుటి రాజుకు ‘షా’ చెప్పడమంటే తన మెడ మీద రెండు వేళ్లతో తట్టుకోవడం. బాపుకు జోడీ ఉస్మాన్ చాచా, పక్క వరస నడిపేవాడు, యూపీ మనిషి, దవడలో ఎప్పుడూ జర్దా పాన్. ఆ చాచా తెల్లవాటి మీద తప్ప చెయ్యి వేసేవాడు కాదు, మా బాపు నల్లవాటి మీద తప్ప వేసేవాడు కాదు. షెడ్డులో ఎవరు ఆడటానికొచ్చినా బాపు నల్లవే తీసుకునేవాడు.

తీసుకుని ఒకే తీరుగా మొదలుపెట్టేవాడు. తెల్లవాళ్లు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడుపుతారు, బాపూ అంతే. తెల్ల గుర్రం బయటికి దూకి ఆ నల్ల బంటు మీద కన్నేస్తుంది. ఇక్కడ బుద్ధున్నవాళ్లు ఎవరైనా ఆ బంటుకు కాపలా పెడతారు. బాపు పెట్టడు. రాజు పక్కనున్న ఒంటె ముందరి బంటును తీసి రెండు గళ్లు ముందుకు గుచ్చుతాడు. దాంతో సొంత రాజు పక్కన కిటికీ తెరిచినట్టవుతుంది, బంటు ఒకటి ఊరికే పోతుంది, ఒక్కోసారి మూలనున్న ఏనుగూ పోతుంది. తెల్ల వజీరు, మనవైపు మంత్రి అంటారే అది, ఆశపడి ఆ ఏనుగును తినడానికి మూలకు పోయిందా, తినొచ్చేలోపు బాపు కాయలన్నీ తెల్ల రాజు చుట్టూ చేరేవి, ఆయన రెండు వేళ్లతో మెడ తట్టుకుంటూ నవ్వుతుండేవాడు. చాచా ప్రతిసారీ పిచ్చి పని అంటూ నెత్తి కొట్టుకునేవాడు. “పాగల్‌పన్ హై మల్లేశ్, పాగల్‌పన్! కాలే సే ఐసా కౌన్ ఖేల్తా హై?”

ఒకనాడు కరెంటు పోయి షెడ్డు ఆగినప్పుడు నేనే అడిగాను, చాచా చెప్పింది నిజమే కదా, నల్లవాటితో అంత తెగించి ఆడటం లాభమేనా అని. బాపు డబ్బాలోంచి గారె తీసి సగం నాకిచ్చి చెప్పాడు.

“నల్లయి పట్టుకున్నోడు ఎట్లనన్న ఒక అడుగు ఎనుకనే ఉంటడు బిడ్డా. ముంగట నడిశేటోడు తెల్లయి పట్టుకున్నోడు. ఊకె కాపలా కాసుకుంట కూసుంటే వాడు మెల్లమెల్లగ ఒత్తి సంపుతడు. గందుకే వాని లెక్క తప్పియ్యాలె. అద్దరగొట్టాలె.”

ఆ మాట నా తలకెక్కింది. పదేళ్ల పిల్లకు అంతకంటే గొప్ప మాట ఏముంటుంది? కానీ ఆ రోజే నేను చూడాల్సింది ఇంకొకటి చూడలేదు. కరెంటు పోయి షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది, చాచాకు తీరిక ఉంది, చెక్క ముందు కూర్చుని రమ్మని పిలుస్తున్నాడు. బాపు పోలేదు. “లైటు లేనప్పుడు ఏం ఆట” అన్నాడు. షెడ్లకు సెలవు శుక్రవారం, ఆనాడూ అంతే, ఎవరైనా ఆడదామంటే తలనొప్పి అనేవాడు, గడ్డం చేయించుకోవాలనేవాడు. ఒక్క శుక్రవారం మాత్రం చాచా వదల్లేదు. గల్లీలో మంచమేసి, చెక్క నడుమ పెట్టుకుని, పాన్ నములుతూ ఒక్కో ఎత్తుకు ఇంతింత సేపు చూశాడు. బాపు ఓడిపోయాడు. ఆ రోజు ఎండ ఎక్కువుందన్నాడు. నేను నమ్మాను.

నాకు పన్నెండేళ్లు వచ్చిన ఏడాది షెడ్లు మూతపడటం మొదలైంది. మొదట మా గల్లీ చివరిది. పొద్దున లారీ వచ్చింది, మనుషులు పెద్ద సుత్తెలతో సాంచాలను పగలగొట్టి ఇనుప తుక్కుగా ఎక్కించుకుపోయారు. పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉన్న చప్పుడులో ఒక ముక్క తగ్గితే మాకు తెలిసిపోయేది. ఆ ఏడాది వానాకాలం అంతా అదే పని, ఇవ్వాళ ఏ దిక్కు చప్పుడు ఆగిందా అని గుమ్మంలో నిలబడి వినడం. ఆగిన దిక్కు నుంచి మర్నాడు ఒక కుటుంబం మూటలు కట్టుకుని ఆటో ఎక్కేది. నాతో కండెలాట ఆడిన పిల్లలు ఒక్కొక్కరే పోయారు. అవ్వ రాత్రి బియ్యం ఏరుతూ ఏరుతూ ఆపి, గోడవైపు చూసేది. మా షెడ్డూ పోతుందని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. పోతే నేనూ అవ్వా ఊరికి పోవాలని, అక్కడ మేనత్త దగ్గర బీడీలు చుట్టాలని, బాపు ఒక్కడే ఎక్కడన్నా ఇంకో షెడ్డు వెతుక్కోవాలని వాళ్లిద్దరూ అనుకున్నారు. నా చదువు ఏడో తరగతితో ఆగుతుంది. అవ్వ నాకు ఆ మాట తల దువ్వుతూ చెప్పింది, నేను జడ లాక్కుని లేచిపోయాను.

“సదువు మీద నాకేమన్న పగనా బిడ్డా?” అన్నది అవ్వ వెనక నుంచి. “తిండి ఎట్లనో నువ్వే చెప్పు, సదివిపిస్త.”

ఆ మాటకు జవాబు బడిలో దొరికింది. మా ఆటల సారు, మ్హాత్రే సర్, నేను విరామంలో పెద్ద క్లాసుల అబ్బాయిలను వరసగా ఓడగొట్టడం చూసి నాకు గళ్ల పేర్లు, ఎత్తులు కాగితం మీద రాయడం నేర్పించాడు. జిల్లా బడుల పోటీలు ఠాణేలో ఉన్నాయనీ, మొదటి నలుగురిలో వస్తే అక్కడొక బడివాళ్లు ఆడపిల్లను హాస్టల్లో ఉంచుకుని పదో తరగతి దాకా ఊరికే చదివిస్తారనీ చెప్పాడు. నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి ఒక్క గుక్కలో చెప్పాను. అవ్వ నమ్మలేదు, కానీ దేవుడి పటం ముందు అగరుబత్తి ముట్టించింది. బాపు చెక్క తెచ్చి నా ముందు పెట్టి, నల్ల కాయలు నావైపు తిప్పాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మేము వేరే మాట మాట్లాడలేదు. బతుకమ్మ వచ్చింది పోయింది, నేను ఒక్కరోజు కూడా ఆడటానికి పోలేదు, మలీద ముద్ద చెక్క పక్కన పెట్టుకుని తిన్నాను. దేవుడా, నాలుగో స్థానం చాలు, మొదటిది నాకొద్దు అని మొక్కుకునేదాన్ని, తక్కువ అడిగితే తప్పకుండా ఇస్తాడని నా తెలివి.

పోటీలు శని, ఆదివారాలు. శనివారం నాలుగు ఆటలు. ఆ హాల్లో నాకు మొదట జరిగిన అవమానం చెప్తాను. కాయను జరిపి, అలవాటు కొద్దీ మేకు దిగాలని బలంగా నొక్కాను. ప్లాస్టిక్ కాయ బల్ల మీద టప్పుమని మోగింది, హాలంతా తిరిగి చూసింది, పోటీలు చూసుకునే సారు వచ్చి మెల్లిగా పెట్టమని చెప్పి పోయాడు. ‘షా’ అనడానికి బదులు మెడ తట్టుకుంటే ఎదుటి పిల్ల నాకు గొంతు నొప్పి అనుకుని నీళ్ల సీసా ఇవ్వబోయింది. అయినా ఆ రోజు నల్లవి రెండుసార్లు వచ్చాయి, రెండుసార్లూ బాపు ఎత్తే వేశాను, ఎదుటివాళ్లు ఆత్రంగా ఏనుగు కోసం మూలకు పరుగెత్తారు, రెండూ గెలిచాను. తెల్లవాటితో ఒకటి గెలిచి, ఒకటి ఓడాను. సాయంత్రం మ్హాత్రే సర్ గోడ మీద కాగితం చూసి, లెక్కవేసి, పరుగున వచ్చాడు. రేపు ఆఖరి ఆటలో గెలవక్కర్లేదట, ఎవరూ గెలవకుండా ఆట సమానంగా ముగిసినా నాకు నాలుగో స్థానం ఖాయమట. “సాధం ఖేళ్ బాళా,” అన్నాడు, మామూలుగా ఆడు తల్లీ అని. “అర్ధా పాయింట్ పురే,” సగం పాయింటు చాలని. ఆ ఒంటె ముందరి బంటును మాత్రం ముట్టుకోనని, కాపలా పెట్టుకుని కూర్చుంటానని నాతో రెండుసార్లు అనిపించాడు.

ఇంటికొచ్చేసరికి బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే మా షెడ్డుకు లారీ వచ్చిందట. ఆయన నడిపిన నాలుగు సాంచాలను ఆయన కళ్లముందే పగలగొట్టారట. చెక్కను, కాయల డబ్బాను చంకలో పెట్టుకుని వచ్చేశాడు. కనుబొమ్మల మీద నుసి లేదు, మొహం ఎవరిదోలా ఉంది. నేను సారు మాట చెప్పాను, సగం చాలని. బాపుకు ఆ సగం ఏమిటో అర్థం కాలేదు. షెడ్డులో ఆట ఎప్పుడూ సగంలో ముగియలేదు, గెలుపు లేదా ఓటమి, అంతే.

“నల్లయా, తెల్లయా?” అని అడిగాడు.

“నల్లయి.”

“ఇంకేంది మరి!” అన్నాడు. మొట్టమొదటిసారి ఆయన మెల్లిగా మాట్లాడాడు, అరవకుండా. “ఒంటె ముంగటి బంటు నూకు బిడ్డా. ఇగ సూస్కో. భయపడకు.”

పొద్దున సర్కారు ఎస్టీ బస్సులో బాపు నా పక్కన కూర్చున్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. దారి పొడుగునా నా వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

ఎదుటి పిల్ల డోంబివిలి నుంచి వచ్చింది. కళ్లజోడు, రెండు జడలు, బల్ల కింద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. రాజు ముందరి బంటు నడిపింది, నేనూ నడిపాను. గుర్రాన్ని దూకించింది. నా వంతు వచ్చింది. మ్హాత్రే సర్ తలుపు అద్దంలోంచి చూస్తున్నాడు. కాపలా గుర్రాన్ని జరిపితే చాలు, రెండు గంటలు గోడలా కూర్చుంటే చాలు, పదో తరగతి దాకా చదువు. నాకు తెలియక కాదు. నా చెయ్యి గుర్రం మీదికి పోయింది కూడా. కానీ గేటు బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడు, నిన్నటి నుంచి ఆయనకు షెడ్డు లేదు, సాంచాలు లేవు, నాకివ్వడానికి ఆయన దగ్గర మిగిలింది ఈ ఒక్క ఎత్తు. దాన్ని తీసుకోనని ఎట్లా అనను? ఒంటె ముందరి బంటును రెండు గళ్లు తోశాను.

ఆ పిల్ల కాళ్లు ఊపడం ఆపింది. బల్ల మీద మోచేతులు ఆనించి, చెంపలు చేతుల్లో పెట్టుకుని, బోర్డును చూడటం మొదలుపెట్టింది. చూస్తూనే ఉంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో తుమ్మిన చప్పుడు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ ఆడలేదు. నిన్నటి ఆటల్లో అందరం గబగబా ఆడుకుని లేచిపోయాం. గడియారంలో ఐదు నిమిషాలు పోయాయి, పది పోయాయి. ఆమె ఎక్కడికీ పరుగెత్తడం లేదు. ఆమె వెనక ఏదీ ఆగిపోవడం లేదు. ఎవరూ తిట్టరు. అప్పుడు నాకు ఆ మంచం మీద ఓడిపోయిన శుక్రవారం గుర్తొచ్చింది, తలనొప్పులు, గడ్డాలు గుర్తొచ్చాయి. ఆమె నా బంటును గుర్రంతో తీసుకుంది. నేను నా గుర్రాన్ని తెచ్చాను, ఇప్పుడు వజీరు బయటికొస్తుంది, రావాలి, షెడ్డులో ప్రతిసారీ వచ్చింది. ఇంకో పన్నెండు నిమిషాలు ఆలోచించి, ఆ పిల్ల వజీరును ముట్టుకోనే లేదు. వజీరు ముందరి బంటును రెండు గళ్లు నడిపి, గడియారం బటన్ మెల్లిగా నొక్కి, మళ్లీ కాళ్లు ఊపసాగింది. నా వలలోకి రావాల్సినవాళ్లు రాలేదు, నా రాజు పక్కన కిటికీ తెరిచే ఉంది. మిగతా ఆట ఇరవై ఎత్తులు. నేను ఓడిపోవడం నేనే ఒక్కో వరసా కాగితం మీద రాసుకున్నాను.

గేటు దగ్గర బాపు వడాపావ్ పొట్లం పట్టుకుని నిలబడ్డాడు, నేను తినాలని ఆయన తినకుండా ఉంచాడు. నా మొహం చూడగానే తెలిసిపోయింది. అయినా అడిగాడు.

“ఏమైంది బిడ్డా?”

“ఓడిపోయిన బాపు.”

“బంటు నూకినవా?”

“నూకిన. నీ ఎత్తు మంచిగనే పడ్డది. నడుమల నేనే గుర్రం సూస్కోలే, ఇడిచిపెట్టిన. తప్పు నాదే.”

“వజీరు మూలకు అచ్చిందా?”

“అచ్చింది.”

“ఏనుగును తిన్నదా?”

“తిన్నది.”

బాపు మొహం ఒక్క క్షణం వెలిగింది. “సూసినవా! నేను చెప్పలే?” అని, వెంటనే నేను ఓడిపోయానని గుర్తొచ్చి, నన్ను దగ్గరికి లాక్కున్నాడు. మ్హాత్రే సర్ ఎదురొచ్చాడు, నావైపు చూసి, పక్కకు తిరిగి పోయాడు. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అంత బాగా అతికింది ఇంకొకటి లేదనుకున్నాను. ఆ వడాపావ్ నేను బస్సులో తిన్నాను. ఎట్లా తిన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది, ఆకలైంది, తిన్నాను.

వారం తిరక్కుండా అవ్వా నేనూ ఊరికి పోయాం. నా బడి సంచీ ఊళ్లో ఎందుకని ఇక్కడే దండెం మీద వదిలేశాను. మేనత్త ఇంట్లో చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించాను, బీడీలు చుట్టాను, ఏళ్లు గడిచాయి. బడి పేరు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. బాపు భివండిలోనే ఇంకో షెడ్డులో చేరాడు, అది పోతే ఇంకొకటి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు, వెనక సాంచాల చప్పుడు లేకపోయినా అరిచే మాట్లాడేవాడు. అవ్వ సంగతి, వానల సంగతి అయ్యాక చివరికి తప్పకుండా ఒక మాట చెప్పేవాడు. “ఇయ్యాల్ల గూడ నీ ఉస్మాన్ చాచాను అదే బంటుతోని కొట్టిన బిడ్డా. పాగల్‌పన్ అన్నడు, కొట్టిన!” నేను నవ్వేదాన్ని. ఆ ఎత్తు దండగని తెలిసింది నాకొక్కదానికే, ఆయనకు తెలియకుండా దాచాను కదా, కనీసం అదొక్కటి దక్కిందని అనుకునేదాన్ని. అన్నేళ్లు నేను దాని మీదే బతికాను.

బాపు దగ్గుతూ దగ్గుతూ పోయాడు. దూది నుసి లోపల ఎంత చేరిందో ఎవరు చూశారు. నేను భివండి వచ్చేసరికి అంతా అయిపోయింది. చాచా ముసలివాడైపోయాడు, పాన్ మానేశాడు, కాయల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. తెరిస్తే కాయలు లేవు. బంటు ఒక్కటే ఉంది, దాంతోపాటు నాలుగు మడతల కాగితం ఒకటి, మడతల దగ్గర చిరిగిపోయి. నేను ఠాణేలో రాసిన కాగితం. నా బడి సంచీలో దొరికిందట.

నేను ఊరికి పోయిన మరుసటి వారమే బాపు ఆ కాగితం పట్టుకుని బడికి పోయి మ్హాత్రే సర్‌తో చదివించుకున్నాడట. ఏ గుర్రం ఎక్కడికి, ఏ బంటు ఎక్కడికి అని తెలుగులో రాసుకొచ్చి, శుక్రవారం పొద్దున చెక్క ముందు కూర్చుని, ఒక్కో మేకూ గుచ్చుకుంటూ ఆటంతా నడిపాడట. వజీరు మూలకు రాలేదు. ఏనుగును ఎవరూ తినలేదు. నేను ఏ గుర్రాన్నీ వదిలిపెట్టలేదు. మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు నడిపి, “యే లడ్కీ వజీర్ క్యోఁ నహీ నికాలీ ఉస్మాన్?” అని అడిగాడట. ఆ పిల్ల వజీరును ఎందుకు బయటికి తీయలేదని.

“మైఁనే బోలా,” అన్నాడు చాచా నా కళ్లలోకి చూడకుండా, “ఉస్‌కో కాండీ నహీ బదల్‌నీ థీ, మల్లేశ్.”

కండె మార్చాల్సిన పని ఆ పిల్లకు లేదు. అంతే. బాపు లేచి పట్టకారు తెచ్చి, ఒంటె ముందరి నల్ల బంటు మేకు పీకేశాడట. ఇక అది ఏ గడిలోనూ నిలబడదని. మిగతా కాయలు, చెక్క చలికాలంలో పొయ్యిలోకి పోయాయి. ఆ తర్వాత ఆయన ఎవరితోనూ, ఏ రంగుతోనూ, ఒక్క ఆట కూడా ఆడలేదు.

మరి ఆదివారం ఆదివారం ఫోన్లో ఆయన చాచాను కొట్టిన ఆ ఆటలు? నేను బంటును తిప్పి ఆ బొక్కను గోటితో తడిమాను.

ఇప్పుడు నేనూ భివండిలోనే ఉంటున్నాను, ఆ షెడ్డు ఉన్నచోట మా గోడౌన్‌లాంటిదే ఇంకో గోడౌన్ ఉంది. గల్లీలో కండెలు లేవు, పిల్లలు ఫోన్లలో ఆడుకుంటున్నారు. నీళ్ల డ్రమ్ము పక్కన బతుకమ్మ పేర్చిన అవ్వల్లో ఇద్దరే మిగిలారు, పొద్దున మెలకువ వస్తే ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ఇంకా నాకు భయమేస్తుంది. వాపసు బల్ల పక్కనుండే అమ్మాయి నిన్న అన్నం గంటలో ఫోన్‌లో చదరంగం తెరిచి నాకు నల్లవి ఇచ్చింది. ఆమె రాజు ముందరి బంటు నడిపింది, నేనూ నడిపాను, ఆమె గుర్రం దూకింది. నల్లవాటితో ఆ ఎత్తు వేయొచ్చా అని నన్ను ఎవరడిగినా ఒకటే చెప్తాను, ఎదుటివాళ్లకు తీరిక ఉంటే వేయొద్దు. ఆ అమ్మాయికి ఇంకా ఇరవై నిమిషాల తీరిక ఉంది. నేను ఒంటె ముందరి బంటును రెండు గళ్లు తోశాను, ఓడిపోయాను. “దీదీ, ఐసా క్యోఁ ఖేలా?” అని, ఇట్లా ఎందుకాడావని, ఆమె జాలిగా అడిగితే, ఎత్తు మంచిదేనని, నడుమ గుర్రాన్ని నేనే చూసుకోలేదని చెప్పాను.